మోటర్ హోమ్‌కూ పికప్‌కూ కలిపి ఒకే కంప్రెసర్: ఏది కొనాలి?

నమస్తే అండీ. మీరడిగింది ఇది: జూన్‌లో అమ్మానాన్నలను తీసుకుని డాలస్ నుంచి యెల్లోస్టోన్ వెళ్తున్నారు. ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన 28 అడుగుల పాత మోటర్ హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి) కొన్నారు. మీ బావగారు ఎఫ్-250 పికప్‌కు ట్రైలరు తగిలించుకుని వెంట వస్తున్నారు. అందరికీ కలిపి ఒక పోర్టబుల్ కంప్రెసర్ కొనాలనుకుంటున్నారు. 40 డాలర్లదాని పెట్టె మీదా 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పే గాలి ఒత్తిడి కొలత) అనే ఉంది, 400 డాలర్లదాని మీదా అదే ఉంది. మరి తేడా ఎక్కడుంది?

పదకొండేళ్లుగా ఇలాంటి బళ్లు నడుపుతున్నాను. మొదటి ఆరేళ్లు మీలాగే ఈ-450, ఆ తర్వాత 22.5 అంగుళాల చక్రాలున్న పెద్ద బండి. ఈ మధ్యలో మూడు కంప్రెసర్లు మార్చాను, మొదటి రెండూ తప్పు ఎంపికలే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. మీకు కావలసింది బ్యాటరీకి నేరుగా క్లిప్పులతో తగిలించే 12 వోల్టుల కంప్రెసర్. గరిష్ఠ ఒత్తిడి 150 పీఎస్ఐ ఉండాలి. 100 పీఎస్ఐ దగ్గర ఎంతసేపు ఆగకుండా పనిచేస్తుందో తయారీదారు స్పష్టంగా రాసి ఉండాలి. గొట్టం మీ వెనక చక్రాల దాకా అందాలి. సిగరెట్ లైటరు సాకెట్టులో గుచ్చే రకాన్ని కారుకు ఉంచుకోండి, ఈ బళ్లకు వద్దు.

కంప్రెసర్ కంటే ముందు తేల్చుకోవలసింది మీ టైర్లలో ఎంత గాలి ఉండాలనేది. ఈ-450 మీద సాధారణంగా 225/75ఆర్16 కొలత, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోయగలదో చెప్పే అక్షరం) ‘ఈ’ రకం టైర్లు ఉంటాయి. వాటి గరిష్ఠం 80 పీఎస్ఐ. ముందు రెండు, వెనక జంటగా నాలుగు, మొత్తం ఆరు. టైరు పక్క భాగం మీద అచ్చు వేసిన 80 అనే అంకె ఆ టైరు తన పూర్తి బరువు మోయడానికి కావలసిన ఒత్తిడి. మీ బండికి ఎంత కావాలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీ చెబుతుంది. అంతకంటే కచ్చితంగా కావాలంటే బండిని తూకం వేయించండి. హైవే మీద లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే తూకం ఉంటుంది. నీళ్ల ట్యాంకు నింపి, సామాను సర్ది, మనుషులందరినీ ఎక్కించుకునే వెళ్లండి. ముందు ఇరుసు ఎంత మోస్తోందో, వెనక ఇరుసు ఎంత మోస్తోందో విడివిడిగా కాగితం ఇస్తారు. ఆ అంకెలతో టైరు కంపెనీ ప్రచురించిన బరువు, ఒత్తిడి పట్టిక చూడండి. జంట టైర్లకు పట్టికలో వేరే వరుస ఉంటుంది, పొరపాటున ఒంటి టైరు వరుస చూడకండి. ఈ-450 మోయగలిగిన మొత్తం బరువు 14,500 పౌండ్లు. మోటర్ హోమ్‌లో కుటుంబమంతా ఎక్కితే ఆ హద్దు చాలా దగ్గరికి వచ్చేస్తుంది. కాబట్టి మీ వెనక టైర్లకు 80కి దగ్గరగానే తేలుతుందని అనుకుంటున్నాను.

మీ బావగారి ఎఫ్-250 వెనక టైర్లూ దాదాపు అదే కోవలోవి. ట్రైలరు టైర్ల మీద ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉంటుంది. లోడ్ రేంజ్ ‘డి’ అయితే సాధారణంగా 65, ‘ఈ’ అయితే 80. ట్రైలరు టైర్లను మాత్రం నేను ఎప్పుడూ పక్క భాగం మీద రాసిన గరిష్ఠంలోనే ఉంచుతాను. గాలి తగ్గిన ట్రైలరు టైరు ఎండలో రోడ్డు మీద వేడెక్కి పొరలు విడిపోవడం కళ్లారా చూశాను.

ఇప్పుడు ఆ 150 సంగతి. కంప్రెసర్ తన బలమంతా పెట్టి, ఒక్క చుక్క గాలి కూడా ముందుకు కదలని స్థితిలో గేజి ఎంత చూపిస్తుందో దాన్నే గరిష్ఠ ఒత్తిడి అంటారు. ఆ స్థితిలో టైరులోకి గాలి ఏమీ పోదు. టైరు ఒత్తిడి పెరిగేకొద్దీ కంప్రెసర్ ఇచ్చే గాలి తగ్గుతూ వస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే నిమిషానికి ఇన్ని లీటర్లు అన్న లెక్క, గొట్టం చివర ఏ టైరూ లేకుండా గాలిలోకి వదిలినప్పటిది. 35 లీటర్లు అని రాసి ఉందంటే ఘనపుటడుగుల్లో ఒకటింపావు. 32 పీఎస్ఐ కారు టైరు దగ్గర అందులో కొంత తగ్గుతుంది. 75 దగ్గర ఏ కొసరో మిగులుతుంది.

ఇది నమ్మకం మీద చెబుతున్న మాట కాదు, కరెంటు లెక్క కట్టి చూసుకోవచ్చు. సిగరెట్ లైటరు సాకెట్టుకు సాధారణంగా 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 12 వోల్టులను 15తో గుణిస్తే 180 వాట్లు. నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలిని 80 పీఎస్ఐకి నొక్కడానికి, ఎక్కడా ఏ నష్టమూ లేదనుకున్నా, దాదాపు 118 వాట్లు కావాలి. అంటే ఆ సాకెట్టు నుంచి వచ్చే మొత్తం శక్తితో, అత్యుత్తమమైన యంత్రం ఉన్నా, నిమిషానికి ఒకటిన్నర ఘనపుటడుగుల గాలి దాటదు. నిజమైన చిన్న యంత్రంలో మోటారు వేడికి, పిస్టను రాపిడికి, కవాటాల దగ్గర కారిపోయేదానికి పోగా అందులో సగం కూడా చేతికి రాదు. ఎవరెంత గొప్పగా ప్రకటన రాసుకున్నా ఈ లెక్కను దాటలేరు. 30 ఆంపియర్లు లాగే పెద్ద కంప్రెసర్లకు బ్యాటరీ క్లిప్పులు ఎందుకు పెడతారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

నా మొదటి కంప్రెసర్ సాకెట్టు రకమే. అక్టోబరు నెల, న్యూ మెక్సికోలో ఐ-40 పక్కన తెల్లవారుజాము. వెనక బయటి టైరు 68 చూపించింది, 78 కావాలి. తగిలించి ఆన్ చేశాను. ముల్లు నెమ్మదిగా 71 దాకా వచ్చి అక్కడే కూర్చుంది. తొమ్మిది నిమిషాలకు గొట్టం మొదట్లో ఉన్న ఇత్తడి బిగింపు ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఇంకో రెండు నిమిషాలకు ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే ఫ్యూజు పోయింది. మూత విప్పబోతే వాల్వు నుంచి కాస్త గాలి వెనక్కి పోయి, చివరికి గేజి 69 చూపించింది. పదకొండు నిమిషాల కష్టానికి ఒక్క పీఎస్ఐ దక్కింది. లోపల మా అమ్మ కాఫీ కలిపి పిలుస్తోంది, నేను చలిలో ఫ్యూజు పెట్టె వెతుక్కుంటున్నాను.

మీ టైర్లకు ఎంత గాలి కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. టైరు లోపలి ఖాళీని ఘనపుటడుగుల్లో తీసుకోండి. ఎన్ని పీఎస్ఐ పెంచాలో దానితో గుణించి, బయటి గాలి ఒత్తిడి అయిన 14.7తో భాగించండి. మీ 225/75ఆర్16 టైరు లోపల సుమారు 1.8 ఘనపుటడుగుల ఖాళీ ఉంటుందని కొలతలనుంచి నేను కట్టిన అంచనా. 65 నుంచి 80కి పెంచాలంటే 15ను 1.8తో గుణించి 14.7తో భాగిస్తే సుమారు 1.84 ఘనపుటడుగుల బయటి గాలి కావాలి. ఆరు టైర్లకు పదకొండు. 70, 80 ప్రాంతంలో నిజంగా నిమిషానికి ఒక ఘనపుటడుగు ఇచ్చే యంత్రమైతే నడిచే సమయం పదకొండు నిమిషాలు. 0.4 ఇచ్చేదైతే ఇరవై ఎనిమిది నిమిషాలు. ఇలాంటి చిన్న యంత్రాలకు పది నిమిషాల తర్వాత ఆపి చల్లార్చాలన్న షరతు తరచుగా ఉంటుంది కాబట్టి పూట గడిచిపోతుంది. పెద్ద బళ్ల 275/80ఆర్22.5 టైరులో ఖాళీ దాదాపు 4 ఘనపుటడుగులు, ఒత్తిడి 100 పైమాటే. అక్కడ ఈ తేడా రెండింతలకు మించి పెరుగుతుంది.

డ్యూటీ సైకిల్ అన్న మాట చాలామంది చూడకుండా దాటేస్తారు. 100 పీఎస్ఐ దగ్గర 33 శాతం అంటే, ఆ ఒత్తిడి మీద పావుగంట నడిస్తే అరగంట విశ్రాంతి ఇవ్వాలి. 100 శాతం అంటే ఆ ఒత్తిడి దగ్గర విరామం లేకుండా నడపవచ్చు. ఎంత ఒత్తిడి దగ్గర అన్నది రాయకుండా ఉత్త శాతం మాత్రమే వేసిన పెట్టెను పక్కన పెట్టేయండి. గాలిని నొక్కితే వేడి పుడుతుంది, ఎంత ఎక్కువ నొక్కితే అంత వేడి. పిస్టను చుట్టూ ఉండే రింగు, కవాటం రేకు ముందుగా దెబ్బతినేది ఆ వేడికే. జూన్ మధ్యాహ్నం టెక్సస్ తారురోడ్డు మీద కంప్రెసర్‌ను నేల మీద పెట్టి నడిపితే విశ్రాంతి సమయాన్ని ఇంకా పెంచాలి. నేను కింద ఒక చెక్క ముక్క వేస్తాను, బండి నీడలో పెడతాను.

పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. వయైర్ 88పీకి బ్యాటరీ క్లిప్పులే ఉంటాయి, చవక, గట్టిది. కానీ దాని గరిష్ఠం 120. పికప్ ముందు టైర్ల వంటి 60, 65కు అది చాలా మంచిది. 80 దాకా కూడా తెస్తుంది, కాకపోతే చివరి పది పీఎస్ఐలకు ఓపిక కావాలి. అదే కంపెనీ 400పీ గరిష్ఠం 150, డ్యూటీ సైకిల్ 100 దగ్గర 33 శాతం. 450పీ కాస్త తక్కువ గాలి ఇస్తుంది కానీ 100 దగ్గర 100 శాతం నడుస్తుంది. రెంటిలోనూ మోటర్ హోమ్‌ల కోసం పొడవైన గొట్టాలతో, జంట టైర్లకు పనికొచ్చే మూతితో ప్రత్యేకమైన కట్టలు అమ్ముతారు. మీ ఆరు టైర్లు, బావగారి నాలుగు, ట్రైలరు నాలుగు కలిపితే పద్నాలుగు. పద్నాలుగు టైర్లకు వరసగా కొట్టే రోజులు కూడా ఉంటాయి కాబట్టి, మీకు నేను 450పీ వైపే మొగ్గుతాను. ఏఆర్‌బీ జంట మోటార్ల కంప్రెసర్ ఇంకా వేగం. టైరు లేకుండా నిమిషానికి 6.16, 29 పీఎస్ఐ దగ్గర 4.68 ఘనపుటడుగులని కంపెనీయే రెండు అంకెలూ ఇస్తుంది. 29 దగ్గరికే ఎంత తగ్గిందో చూడండి. ఇలా ఒత్తిడితో పాటు గాలి లెక్క చెప్పే కంపెనీ మీద నాకు గౌరవం. కానీ అది ఇసుకలో, కొండల్లో తిరిగే జీపుల వాళ్లు టైర్ల గాలి దించి మళ్లీ ఎక్కించుకోవడానికి చేసింది. మీ అవసరానికి ఆ ధర పెట్టనక్కర్లేదు.

బ్యాటరీ మీద నడిచే మిల్వాకీ ఎం18 గరిష్ఠం 150, డీవాల్ట్ 20 వోల్టులది 160. మీ ఇంట్లో ఇప్పటికే ఆ కంపెనీల డ్రిల్లు, బ్యాటరీలు ఉంటే ఇది కొట్టిపారేయదగ్గ ఆలోచన కాదు. ఒకటి రెండు టైర్లలో మూడు నాలుగు పీఎస్ఐ తగ్గినప్పుడు తీగలూ క్లిప్పులూ ఏమీ లేకుండా టైరు పక్కన పెట్టి పని ముగించవచ్చు. పద్నాలుగు టైర్ల ఉదయానికి మాత్రం బ్యాటరీ చాలదు. అదే మిల్వాకీలో ఎం12 రకం గరిష్ఠం 120. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కొనేటప్పుడు జాగ్రత్త.

మీ బండిలో జెనరేటర్ ఉందన్నారు కాబట్టి మరో దారి కూడా ఉంది. వడ్రంగి పనివాళ్లు వాడే, కింద గుండ్రటి ట్యాంకు ఉన్న 120 వోల్టుల కంప్రెసర్. పోర్టర్-కేబుల్ వారి 6 గ్యాలన్లది 150 పీఎస్ఐ వరకు నిల్వ చేస్తుంది, 90 దగ్గర నిమిషానికి 2.6 ఘనపుటడుగులు ఇస్తుంది. పని పరంగా వయైర్ లాంటి 12 వోల్టుల యంత్రాలు దీని దరిదాపుల్లోకి రావు, ధర కూడా తక్కువే. ఇబ్బందల్లా 30 పౌండ్ల బరువు, చెవులు మూసుకునేంత మోత. జాతీయ పార్కుల శిబిరాల్లో తెల్లవారుజామున జెనరేటర్ నడపనివ్వరు, టైర్లకు గాలి కొట్టవలసింది సరిగ్గా అప్పుడే. ఈ రకం కొనేవారు ఇంకొకటి గమనించాలి. ట్యాంకులో ఒత్తిడి ఎంతకు పడితే మోటారు తిరిగి మొదలవుతుందో చూడండి. ఆ అంకె మీ టైరు ఒత్తిడి కంటే పైన ఉండాలి. 95కు పడితే గానీ లేవని మోటారుతో 110 పీఎస్ఐ టైరును నింపలేరు, ట్యాంకూ టైరూ సమానమై అక్కడే ఆగిపోతాయి. ఇంటి దగ్గర పార్కింగు చోటు ఉండి బయలుదేరే ముందు మాత్రమే నింపుకునేవారికి దీనికి మించింది లేదు.

డీజిల్ ఇంజను వెనక ఉండే పెద్ద బళ్లలో గాలి బ్రేకులు ఉంటాయి. వాటిలో ఇంజనుకే కంప్రెసర్ ఉంటుంది కాబట్టి చాలా బళ్లలో ముందు భాగంలో ఒక గాలి కొళాయి ఇస్తారు. మన ఊళ్ల లారీల వాళ్లు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నదే. మా నాన్నగారికి ఏలూరులో లారీ ఉండేది. దారిలో గాలి తగ్గితే గొట్టం తీసి బండి గాలి వ్యవస్థకే బిగించి, ఇంజను రేజు చేసి టైరు నింపేవారు. మీ ఈ-450కి హైడ్రాలిక్ బ్రేకులు, కాబట్టి ఆ అవకాశం లేదు.

తీగల విషయం. కంప్రెసర్ క్లిప్పులు ఇంజను బ్యాటరీకి తగిలించి, ఇంజను ఆన్‌లో ఉంచండి. లేకపోతే వోల్టేజి పడిపోయి మోటారు నీరసంగా తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. వెనక చక్రాలు అందడం లేదని కరెంటు తీగను పొడిగించకండి, గాలి గొట్టాన్ని పొడిగించండి. 30 ఆంపియర్లు సన్నటి పొడవాటి తీగలో పోతే దారిలోనే వోల్టేజి కరిగిపోతుంది. గొట్టం పొడవైతే మొదట నిండటానికి కాస్త సమయం పడుతుంది, అంతే. 28 అడుగుల బండికి 40 అడుగుల గొట్టం హాయిగా ఉంటుంది. బండి లోపలి లైట్లకు వాడే బ్యాటరీ మెట్ల దగ్గర ఉంటే దానికి తగిలించినా పని నడుస్తుంది.

గొట్టం చివర వాల్వుకు పట్టే మూతిని చక్ అంటారు. ఇది చిన్న వస్తువే కానీ, జంట టైర్ల యజమానికి కంప్రెసర్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే. లోపలి టైరు వాల్వు బయటి చక్రం రంధ్రంలోంచి కనిపిస్తుంది, వేళ్లు దూరవు. మామూలు మూతి అక్కడ పట్టదు. ముందుకూ వెనక్కూ రెండు ముఖాలున్న, పొడవాటి మెడ ఉన్న మూతి కావాలి, లేదా వాల్వుకు గట్టి లోహపు పొడిగింపు బిగించాలి. ట్యాంకు లేని, దానంతటది ఆగని కంప్రెసర్‌కు తెరిచి ఉండే మూతి వాడాలి. మూసుకునే మూతి పెడితే, వాల్వు మీద లేనప్పుడు గాలికి దారి లేక గొట్టంలో ఒత్తిడి పెరిగిపోతుంది. ట్యాంకు ఉన్నదానికి మూసుకునే మూతి. రబ్బరు వాల్వులు ఉన్నాయేమో కూడా చూడండి. కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే. పాత బండి కొన్నారు కదా, ముందు యజమాని ఎవరి దగ్గర టైర్లు మార్పించారో తెలియదు. 80కి నిలబడే లోహపు వాల్వులు కాకపోతే కంప్రెసర్ కంటే ముందు అవి మార్పించండి. ఒత్తిడి చూపే సెన్సార్లు వాల్వు మీద బిగించే ఆలోచన ఉంటే మరీ తప్పనిసరి, ఆ బరువుకు రబ్బరు ఊగి ఊగి చీలుతుంది.

కంప్రెసర్ మీద ఉండే గేజిని నమ్మకండి. గాలి పోతున్నప్పుడు అది చూపేది గొట్టంలోని ఒత్తిడి, టైరులోది కాదు. విడిగా 160 వరకు కొలిచే మంచి గేజి ఒకటి కొనండి, ఎప్పుడూ అదొక్కటే వాడండి. చిన్నప్పుడు క్లీనరు రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడు విని గాలి ఉందో లేదో చెప్పేవాడు. పూర్తిగా దిగిన లోపలి టైరు ఆ చప్పుడుకు దొరుకుతుంది. 80కీ 62కీ తేడా ఏ చెవికీ దొరకదు.

ఇంతకీ కంప్రెసర్ మన దగ్గరే ఎందుకు ఉండాలి? ట్రక్ స్టాపులో గాలి దొరుకుతుంది కదా అని మీరు అడగవచ్చు. పట్టికలో ఉన్న ఒత్తిడి చల్లటి టైరుకు చెప్పింది. బండి కొన్ని గంటలపాటు ఆగి ఉండాలి, ఎండ టైర్ల మీద పడకూడదు. గాలి కోసం పది మైళ్లు నడిపారంటే టైరు వేడెక్కి అంకె పెరుగుతుంది, ఇక ఎంత నింపాలో తెలియదు. శిబిరంలో, కదలని బండికి, సూర్యోదయానికి ముందు కొట్టగలగడమే సొంత కంప్రెసర్ వల్ల వచ్చే అసలు లాభం.

మీ ప్రయాణానికే లెక్క వేసి చూపిస్తాను. డాలస్‌లో 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న ఉదయం 80 నింపారనుకుందాం. యెల్లోస్టోన్ సరస్సు దగ్గర జూన్ తెల్లవారుజామున 35 డిగ్రీలు సాధారణమే. ఈ చలికి టైరు సుమారు 7 పీఎస్ఐ కోల్పోతుంది. కారు టైరుకు పది డిగ్రీలకు ఒకటి అని చెప్పే సూత్రం ఇక్కడ సరిపోదు, 80 దగ్గర పది డిగ్రీలకు దాదాపు రెండు. కానీ సరస్సు దాదాపు 7,700 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజి మూడు చిల్లర పైకి చూపిస్తుంది. రెండూ కలిస్తే గేజి మీద 76 కనిపిస్తుంది. టైరు కారిపోతోందని కంగారు పడకండి. బరువుకు 80 కావాలంటే ఆ నాలుగూ అక్కడ నింపండి. తిరిగి డాలస్ చేరాక అదే టైరు అంతే వెచ్చటి ఉదయాన 84 చూపిస్తుంది, అప్పుడు చల్లగా ఉండగా దించండి. దారిలో మధ్యాహ్నం వేడి టైరు 92, 94 చూపించినా ముట్టుకోవద్దు. వేడిలో గాలి తీసేస్తే మర్నాడు ఉదయానికి తక్కువ గాలితో బయలుదేరతారు.

ఇక చివరిగా ఒక ప్రమాదం గురించి. మీ అమ్మానాన్నలు వెంట ఉంటారు కాబట్టి ఇది తప్పక చదవండి. చేతిలో కంప్రెసర్ ఉంది కదా అని దిగిపోయిన టైరును రోడ్డు పక్కన బతికించే ప్రయత్నం చేయకండి. 80 ఉండవలసిన టైరు 64 లేదా అంతకంటే తక్కువతో కొంత దూరం నడిచిందని తెలిస్తే, దానికి గాలి కొట్టవద్దు. తక్కువ గాలితో నడిచినప్పుడు పక్క భాగం మాటిమాటికీ మడత పడి, లోపలి తీగలు నలిగి ఉంటాయి. బయటికి ఏమీ కనిపించదు. గాలి ఎక్కిస్తున్నప్పుడు ఉక్కు తీగల టైరయితే అవి ఒకటి తర్వాత ఒకటి తెగి, పక్క భాగం జిప్పు లాగినట్టు ఒక్కసారిగా చీలుతుంది. పెద్ద వాహనాల్లో రింగులతో కూర్చిన చక్రాల టైర్లు బాగు చేసే పనివాళ్ల కోసం అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టిన నిబంధనలో హద్దు కూడా ఇదే. సిఫారసు చేసిన ఒత్తిడిలో 80 శాతం కంటే ఎక్కువ ఉంటేనే చక్రం బండి మీద ఉండగా గాలి పెట్టవచ్చు, అదీ దూరం నుంచి, టైరుకు ఎదురుగా ఎవరూ లేకుండా. మన జాతీయ రహదారుల మీద పంక్చరు కొట్టుల్లో పాత రకం రింగు చక్రాలకు గాలి పెట్టేటప్పుడు రిమ్ముకు అడ్డంగా గడ్డపార దూర్చడం మీరూ చూసే ఉంటారు. రింగు ఎగిరితే తల పోతుందని వాళ్లకు తెలుసు. మనకు రింగు లేదు, కానీ 80 పీఎస్ఐ గాలి ఉంది. అందుకే వాల్వును దానంతటదే పట్టుకునే మూతి, మధ్యలో మీట ఉన్న పొడవాటి గొట్టం తీసుకోండి. మూతి తగిలించి, టైరు పక్క భాగానికి ఎదురుగా కాకుండా, గాడులున్న ముఖం వైపు కొన్ని అడుగులు జరిగి నిలబడి నొక్కండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. అలా దిగిపోయిన టైరు దొరికితే రోడ్డు సహాయం వాళ్లను పిలవండి.

పాత బండి టైర్ల వయసు కూడా ఇప్పుడే చూసేయండి. పక్క భాగం మీద డాట్ అన్న అక్షరాల తర్వాత వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అంటే 2017వ సంవత్సరం 23వ వారం. మోటర్ హోమ్ టైర్లు అరిగిపోయి మార్చేవి తక్కువ, ఎండకు ముదిరిపోయి మార్చేవే ఎక్కువ. పైన గాడి ఎంత లోతు ఉన్నా అంతటి వయసున్న టైరు మీద నేనైతే తల్లిదండ్రులను కూర్చోబెట్టి రెండు వేల పైచిలుకు మైళ్లు వెళ్లను.

కంప్రెసర్ చేతికి వచ్చాక పెట్టెలోనే ఉంచి యెల్లోస్టోన్ దాకా మోసుకెళ్లకండి. తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే ఒక ఉదయం ఇంటి ముందు పరీక్షించండి. వెనక ఎడమ వైపు లోపలి టైరును ఎంచుకోండి, అన్నిటికంటే కష్టమైనది అదే. గేజితో కొలిచి, పది పీఎస్ఐ మాత్రం వదలండి. ఇంజను ఆన్ చేసి, క్లిప్పులు తగిలించి, ఫోనులో గడియారం పెట్టుకుని తిరిగి 80కి నింపండి. మంచి యంత్రమైతే రెండు నిమిషాలకు అటూ ఇటూగా అయిపోవాలి. ఐదు నిమిషాలు దాటితే వెనక్కి ఇచ్చేయండి. మూతి లోపలి వాల్వుకు సరిగ్గా పట్టిందా, గొట్టం చక్రానికి రాసుకోకుండా చేరిందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. ఎన్ని నిమిషాలు పట్టిందో, మీ తలుపు చీటీ మీద ముందు వెనక టైర్లకు ఏ అంకెలున్నాయో ఇక్కడ రాయండి. తూకం కాగితం కూడా వచ్చాక పట్టికలో మీ ఒత్తిడి ఎంతో కలిసి చూద్దాం.